పై రూపమును చూచి ఎన్నుకొనుట

పాఠ్య భాగము: 1 సమూయేలు 16:1–13

మన హుజూరాబాదు ప్రాంతపు గ్రామములలో పిల్లలు ఆడుచుండగా పెద్దలు చూచి, "వీడు పైకి వచ్చును, వాడు పనికిరాడు" అని చెప్పుట కద్దు. ఇట్టి తీర్పు ఎంతవరకు నమ్మదగినదో ఈ మాసము ఆలోచింతము.

1. కొలతల వలన మేలు

హకీంపేట, కరీంనగరు, ఆదిలాబాదులలో ప్రభుత్వ క్రీడా పాఠశాలలు గలవు. నాల్గవ తరగతిలో చేర్చుకొనుటకు పిల్లల ఎత్తు, బరువు చూచెదరు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలుచున్న చోటనుండి దూకుట మొదలైన పరీక్షలు పెట్టెదరు.

అమెరికాలోను ఇట్టి పద్ధతియే కలదు. అక్కడ ఫుట్‌బాలు అనగా బంతిని చేతబట్టుకొని పరుగెత్తు మొరటు ఆట. కళాశాలలలో ఆడిన యువకులను 32 వృత్తి జట్లు ఏటేట ఏడు విడతలలో, వంతుల ప్రకారము కోరుకొనును. దీనికి డ్రాఫ్టు అని పేరు. అంతకు ముందు యువకులచేత 40 గజములు పరుగెత్తించి గడియారము చూచెదరు, ఎగిరించెదరు, బరువులెత్తించెదరు.

మేము ఈ కొలతలను నిందించుట లేదు. సిఫారసును, బంధుత్వమును చూచి ఎన్నుకొనుటకంటె ఇది న్యాయము. పేదవాని బిడ్డకును ధనవంతుని బిడ్డకును అవే 30 మీటర్లు.

2. కొలతలకు అందనిది

అయినను ఒకే తరగతి పిల్లలలో కొందరు పది నెలలు పెద్దవారై యుందురు. కడుపునిండ తిన్నవాడు, ముందుగా ఎదిగినవాడు ఆ దినమున గెలుచును. రెండేండ్లకు ఆ తేడా ఉండకపోవచ్చును.

2000 సంవత్సరపు డ్రాఫ్టునకు ముందు టామ్ బ్రేడీ అను యువకుడు ఆ 40 గజములకు 5.28 సెకనులు తీసికొనెను. జట్లు 198 మందిని కోరుకొనిన పిమ్మట 199వ వానిగా అతడు పిలువబడెను. మొదటి ఏడు దాదాపు ఆడకయే కూర్చుండెను. తరువాత సూపర్ బౌల్ అను అంతిమ పోటీని ఏడు మారులు గెలిచెను.

మన హైదరాబాదు మహమ్మద్ సిరాజ్ ఆటోరిక్షా నడుపువాని కుమారుడు. 2016–17 రంజీ పోటీలలో 41 వికెట్లు తీసిన పిమ్మట, 2017 ఐపీఎల్ వేలములో 20 లక్షల మూల ధరనుండి 2 కోట్ల 60 లక్షలకు కొనబడెను. ఆట చెడిన దినములలో, "పోయి నీ తండ్రితో ఆటో నడుపుకొనుము" అని ఎగతాళి చేసిరని అతడే చెప్పెను. అతడు ఆట మానలేదు. 2025లో ఇంగ్లండులో అయిదు టెస్టులును ఆడి 23 వికెట్లు తీసెను. ఓవల్‌లో చివరి వికెట్టును అతడే తీయగా, భారతదేశము 6 పరుగుల తేడాతో గెలిచెను.

కాబట్టి ఒక్క దినపు పరీక్ష చాలదు. ఓడిన మరునాడు పిల్లవాడు మైదానమునకు వచ్చునా? తప్పు చెప్పినప్పుడు వినునా? అలసినప్పుడు తోటివానికి సాయపడునా? వీటిని కనిపెట్టుటకు ఒక ఏడు పట్టును.

3. పిలువబడని బిడ్డ

సౌలు ఎత్తును చూచి జనులు సంతోషించిరి. ఏలీయాబును చూడగానే సమూయేలు ప్రవక్తయు ఇతడే అనుకొనెను. దావీదునైతే పరీక్షకే పిలువలేదు. అతడు గొఱ్ఱెలను కాయుచుండెను. మన ఊళ్లలోను మేకలవెంట పోవు పిల్లవాడు, ఇంటి పనిలోనున్న ఆడబిడ్డ ఎంపిక దినమున మైదానమునకు వచ్చుచున్నారా? రానివానిని ఏ గడియారమును కొలువలేదు.

ఎన్నికైన బిడ్డకు చదువు మాన్పింపకుడి. 2022లో కబడ్డీ ఆటగాడు పవన్ సెహ్రావత్‌ను తమిళ జట్టు 2 కోట్ల 26 లక్షలకు పైగా పెట్టి కొనెను. మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ ఏటి పోటీలకు దూరమయ్యెను. ఎన్నిక కాని బిడ్డను పనికిరాడని అనకుడి. తొమ్మిదేండ్లవాడు ఆ మాటను నమ్మును. నమ్మి ప్రయత్నము మానును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో ఎంపికకు పిలువబడని పిల్లలెవరు?
2. ఎన్నిక కాక తిరిగివచ్చిన బిడ్డతో ఆ సాయంత్రము మనమేమి మాటలాడెదము?