చోకై అను యుద్ధనౌక

సముద్రమును కన్నులార చూచి యెరుగని మన భద్రాచలపు అడవి పిల్లలు, యుద్ధనౌకల పాఠము వచ్చినప్పుడెల్ల, "ఇది మనకెందులకండీ?" అని మమ్ము అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వేసెను. ఆ కాకినాడ, నాడు మన తాలూకా చేరియుండిన తూర్పు గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసినది 1959లోనే.

ఆ విమానములు ర్యూజో అను ఓడమీదినుండి లేచినవి. ఆ దళమునకంతకును అధిపతియైన ఓజవా యెక్కియుండిన ఓడ చోకై. ఇది 1931లో నాగసాకిలో నీటికి దింపబడెను. దీనికి జపానులోని యొక అగ్నిపర్వతము పేరు పెట్టిరి. దీనిని భారీ క్రూయిజరు అందురు. ఓడ బరువునుబట్టి యీ పేరు వచ్చినదని విద్యార్థులు తలంతురు గాని, అది సరికాదు. 1930 నాటి లండను ఒడంబడికలో ఫిరంగి గొట్టపు వెడల్పే కొలతగా పెట్టుకొనిరి. 6.1 అంగుళములకు మించి 8 అంగుళములవరకు ఉన్నచో భారీ తరగతి. అంతకు లోపలివి తేలిక తరగతి. చోకైకి 8 అంగుళముల ఫిరంగులు పది యుండెను.

ఆ ఫిరంగులు మన ఊళ్లమీద పేలలేదు. సరకుల ఓడలమీద పేలెను. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి మనవారు కూలికై బర్మాకు పోయెడివారు; బర్మాలో తెలుగువారిని కోరంగీలనుటకు అదియే కారణము. ఆ దారిని కాపాడు యుద్ధనౌకలు అప్పుడు లేవు. రంగూను మార్చి 8వ తేదీననే పడిపోయెను. డార్సెట్‌షైరు, కార్న్‌వాల్ అను ఆంగ్లేయుల భారీ క్రూయిజరులు రెండును ఏప్రిల్ 5వ తేదీన సింహళమునకు దక్షిణమున విమానముల బాంబులకు మునిగెను. 424 మంది చనిపోయిరి. దిక్కులేని వర్తకపు ఓడలను ఓజవా దళము కొలది దినములలోనే ఇరువదికి పైగా ముంచినది. భయమున మదరాసు సగము ఖాళీయయ్యెను.

అదే సంవత్సరము ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున, సావో దీవియొద్ద, మికావా అను మరియొక అధిపతి చోకైపైనుండియే పోరు నడిపి శత్రువుల భారీ క్రూయిజరులను నాల్గింటిని ముంచెను. గొప్ప విజయమే. కాని సమీపముననే యుండిన సామగ్రి ఓడలను ముట్టక ఆయన తిరిగిపోయెను. ఆ సామగ్రితోనే అమెరికావారు గ్వాడల్‌కనాలులో నిలద్రొక్కుకొనిరి. కాపులేని ఓడలను బంగాళాఖాతములో వేటాడిన యీ నౌక, యుద్ధపు గతినే మార్చదగిన ఓడలను అచ్చట విడిచిపెట్టుట మాకెప్పుడును వింతగా తోచును.

1944 అక్టోబరు 25వ తేదీన ఫిలిప్పైను దీవులలోని సమారు తీరమున చోకై దెబ్బతిని కదలలేకపోయెను. మిగిలిన నావికులను ఫుజినామి అను చిన్న యుద్ధనౌక ఎక్కించుకొని, చోకైని తానే ముంచివేసినది. రెండు దినముల పిమ్మట ఫుజినామియు విమానదాడిలో మునిగెను. అందులోని వారెవ్వరును దక్కలేదు. సుమారు 5,000 మీటర్ల లోతున పడియున్న చోకైని పరిశోధకులు 2019లో కనుగొనిరి.