నల్లబడిన తెర: లోపం వెతికే విధానం

వేరుసెనగ అమ్మిన డబ్బులో మా నాయన ఇచ్చిన దానితో పాత భాగాలు కొని, సెలవుల్లో ఒక ల్యాప్‌టాప్ సొంతంగా బిగించాను. స్విచ్చి నొక్కితే దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. గుండె గుభేలుమంది. మళ్ళీ నాయనను డబ్బు ఎట్లా అడిగేది?

మా బావి మోటారు తిరుగుతున్నా నీళ్ళు రాకపోతే నాయన మోటారు విప్పడు, ముందు ఫుట్ వాల్వు చూస్తాడు. ఖర్చు లేని పరీక్ష మొదట, ఖర్చయ్యేది చివర. నేనూ ఆ పద్ధతే పట్టుకున్నాను.

మొదటిది: చీకట్లో తెరపై టార్చి వేసి చూడాలి. మసకగా బొమ్మ కనబడితే లోపం బ్యాక్‌లైటుది. నాకు కనబడలేదు.

రెండవది: హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో బయటి మానిటరు తగిలించాలి. అందులో బొమ్మ వస్తే బోర్డు చాలావరకు మంచిదే. తెరనో, దాని కేబులునో అనుమానించాలి. నాకు అందులోనూ రాలేదు.

మూడవది: ఛార్జరు, బ్యాటరీ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టి, ర్యామ్ ఊడదీయాలి. దాని అంచులు రబ్బరుతో మెల్లగా తుడిచి, ఒక్కొక్కటే పెట్టి చూడాలి. రెండింటిలో ఒకదానితో మానిటరులో బొమ్మ వచ్చింది! రెండవది చెడిపోయిందన్నమాట.

సొంత తెర ఇంకా నలుపే. ఇక మిగిలింది కేబులు. విప్పి చూస్తే ఒక కొస వదులుగా ఉంది. బ్యాటరీ తీసే దీన్ని ముట్టుకోవాలి. పిన్నులు వంకరగా తగిలితే బోర్డుపై ఫ్యూజు కాలిపోవచ్చు. సరిగా నొక్కాను, తెర వెలిగింది.

కొత్త బోర్డు కొనబోయి ఆగినందుకు సంతోషించాను. లోపం ఒకటే ఉంటుందనుకోవడం కూడా పొరపాటేనని తెలిసింది. ఫోనులో చెబితే నాయన నవ్వి, "అంతే గదా, ఫుట్ వాల్వే!" అన్నాడు.