నేల వాలు, అవ్వ గది

మా తమ్ముని కొడుకు కామారెడ్డిలో 240 గజాల జాగా కొన్నాడు. 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. రోడ్డు దగ్గర ఎత్తు, వెనక్కి పోయిన కొద్దీ పల్లం. పోయిన నెల ఎల్లారెడ్డికి వచ్చి, ఫోన్‌లో ఒక ప్లాను తీసి, "పెద్దబాపూ, ఇది ఎట్లుంది?" అని అడిగాడు. అందమైన ప్లానే. కానీ అది చదునైన నేలకు గీసిన ప్లాను. అచ్చం అలాంటి కాగితమే 1996లో నా చేతిలో ఉండేది.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి 2014లో రిటైరయ్యాను. ఉద్యోగమంతా నిజాంసాగర్ కాలువల మీదనే. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది. మోటారు లేకుండా, నేల వాలును నమ్ముకొని, నీళ్లను అంత దూరం పొలాలకు నడిపించారు ఆనాటి వాళ్లు. ఆ కాలువ గట్ల మీద తిరిగి అన్నం తిన్నవాణ్ణి, నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి నేల వాలును శత్రువును చూసినట్టు చూశాను. దాన్ని మట్టితో కప్పేస్తే పీడ పోతుందనుకున్నాను. పిల్లవానికి ఆ రోజు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. వాడు శ్రద్ధగా విన్నాడు, మరికొందరు కూడా వింటారని నా ఆశ.

1. నేలను కొలవకుండా కాగితం ముట్టుకోవద్దు.

కంటితో చూసి పల్లం చెప్పలేం. గడ్డి ఉంటే ఒక తీరుగా, దున్ని ఉంటే ఇంకో తీరుగా కనపడుతుంది. మా వాడు తన జాగాకు "రెండు అడుగుల పల్లం ఉంటది" అన్నాడు. మరుసటి ఆదివారం ఇద్దరం లెవెల్ పైపు పట్టుకొని పోయాం. తెల్లటి సన్న పైపు, నిండా నీళ్లు. మధ్యలో ఎక్కడైనా గాలి బుడగ నిలిస్తే మట్టం తప్పు చూపుతుంది కాబట్టి, పైపును వేలితో తడుతూ బుడగలన్నీ పోయేదాకా ఆగాను. రోడ్డు దగ్గరి గుంజ మీద నీళ్లు అడుగు దగ్గర నిలిచాయి. వెనక గుంజ మీద 5 అడుగుల 3 అంగుళాల దగ్గర. తీసేస్తే 4 అడుగుల 3 అంగుళాల పల్లం! వాడు అనుకున్నదానికి రెండింతలు. నాలుగు మూలలా, మధ్యలో రెండు చోట్ల ఇట్లనే చూసి, ఆ అంకెలు కాగితం మీద వేసుకున్న తర్వాతనే గదుల ముచ్చట మొదలుపెట్టాం. 1996లో నేను ఈ పని చేయలేదు. కాలువలకు లెవెల్ చూసే మనిషికి తన జాగాలో లెవెల్ చూడాలని తోచకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

2. పోసిన మట్టి నేల కాదు.

ఎల్లారెడ్డిలో నా జాగాకు తూర్పున రోడ్డు, పడమరకు 6 అడుగుల పల్లం. ఆ ఎండాకాలం చెరువు పూడిక తీస్తుంటే మట్టి చవకగా దొరికింది. 130 ట్రాక్టర్లు తోలించాను. అది నల్లరేగడి. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. రైతు బిడ్డను, నాకు తెలియనిది కాదు. ఏప్రిల్‌లో పోయించి, జూన్‌లో ముగ్గు పోయించాను. ఒక్క వానాకాలమైనా ఆగలేదు.

ముందు వైపు పునాదులు గట్టి మొరంలో కూర్చున్నాయి. వెనక వైపువి పోసిన మట్టిలోనే నిలిచాయి. ఇంట్లో సగం కదలదు, సగం దిగుతుంది. మూడో ఎండాకాలం వెనక గది కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు లేచింది. మొదట వెంట్రుకంత. పగులు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత గీసి తేదీ వేసేవాణ్ణి. ఎండాకాలం ముందుకు పాకేది, వానలు పడితే సన్నబడేది, మళ్లీ ఎండలకు నోరు తెరిచేది. ఒక ఏడు రూపాయి బిళ్ల దూరేంత అయింది. సిమెంటు పెట్టించాను, సున్నం వేయించాను, మళ్లీ అక్కడనే విచ్చింది. సున్నం కింద ఆ పెన్సిల్ తేదీలు ఇంకా ఉన్నాయి.

కాబట్టి, బిడ్డా, ఎంత మట్టి పోసినా పునాది మాత్రం దాన్ని దాటి కిందికి పోయి, పుట్టు నేల మీద కూర్చోవాలి. వాలు ఉన్నచోట పునాది గుంతలను మెట్లు మెట్లుగా దించాలి, ప్రతి మెట్టూ మట్టంగా ఉండాలి. నింపక తప్పని చోట మొరం పోయండి. ఒక్కసారి గుట్టగా కాదు, అర అడుగు మందం పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, ఆ మీద ఇంకో అర అడుగు. మేస్త్రీలు తొందరపెడతారు. ఈ ఒక్కచోట వాళ్ల మాట వినవద్దు.

3. నీటికి దారి ఇవ్వని గోడ నిలవదు.

పోసిన మట్టి జారకుండా వెనక రాతి గోడ కట్టించాను. కింది నుంచి పైదాకా ఒకే అడుగున్నర మందం. మట్టిలోని నీళ్లు బయటికి పోవడానికి గోడకు చిల్లులు వదలాలని మేస్త్రీ అన్నాడు. మట్టినీళ్లు కారి గోడ మరకలవుతుందని నేనే వద్దన్నాను. రెండేళ్లకు గోడ నడుమ కడుపులా ఉబ్బింది. ఒక సెప్టెంబరు రాత్రి, మూడు రోజుల ముసురు తర్వాత, 12 అడుగుల పొడవున కూలి పక్కవాళ్ల పశువుల కొట్టం మీద పడింది. ఆ పూట పశువులు చేను దగ్గర ఉన్నాయి. లేకుంటే ఆ పాపం నాకు చుట్టుకునేది. పొద్దున పోయి ఆ ఇంటాయన ముందు నిలబడితే ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా ఇంత గుర్తుండేది కాదేమో.

గోడను తోసేది ఒట్టి మట్టి కాదు, నీళ్లు నిండిన మట్టి. రెండోసారి కట్టించినప్పుడు అడుగున 3 అడుగుల మందం పెట్టి పైకి సన్నం చేయించాను. గోడ వెనక కంకర నింపి, నాలుగైదు అడుగులకొక పైపు పెట్టించాను. 2025 ఆగస్టు 27న కామారెడ్డి జిల్లాను ముంచిన వాన మీకు యాదికి ఉండే ఉంటుంది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు మించి పడింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. వందేళ్లు దాటిన పోచారం కట్ట ఉంటుందా తెగుతుందా అని ఊళ్లకు ఊళ్లు ఊపిరి బిగబట్టుకున్నాయి. అది నిలిచింది. ఆ రోజు గొడుగు పట్టుకొని మా వెనక గోడ దగ్గర నిలబడి చూశాను. ప్రతి పైపు నుంచీ మట్టినీళ్లు దూకుతున్నాయి. రెండు రోజులు అట్లనే కారాయి. గోడ కదలలేదు. మరకలు పడ్డాయి, వాటిని కడిగించలేదు.

4. ఇంటి పొడవు వాలుకు అడ్డంగా ఉండాలి.

లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఇంగ్లండులో పుట్టి, హిమాలయాల్లో పిథోరాగఢ్ కొండల మీద చాలా ఏళ్లు ఉండి, తర్వాత కేరళలో స్థిరపడ్డాడు. తక్కువ ఖర్చు ఇళ్ల గురించి ఆయన రాసినవాటిలో ఈ మాట ఉంది. వాలును నిలువునా కోస్తూ ఇల్లు పెడితే తవ్వకమూ ఎక్కువే, నింపడమూ ఎక్కువే. వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తున్న నేల వెంట పొడవు పెడితే రెండూ తగ్గుతాయి. చేనుకు గట్లు వేసే రైతుకు ఇది చెప్పనక్కరలేదు. నేను 50 ఏళ్లు దాటినాక చదివాను.

మా వాడి జాగా వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. పూర్తిగా అడ్డంగా పెట్టడానికి వీలు లేదు. అందుకని ఇంటిని రెండు అడ్డ ముక్కలు చేశాం. ముందు ముక్క రోడ్డుకు అడుగున్నర ఎత్తు: హాలు, వంటిల్లు, ఒక పడకగది, దానికి స్నానాలగది. వెనక ముక్క దానికంటే 3 అడుగుల కింద: వాడి గది, పిల్లల గది. మధ్యలో ఆరు మెట్లు. నింపే మట్టి ఎంతో తగ్గింది. మెట్ల దగ్గర స్లాబుల ఎత్తు తేడాలో పొడుగు కిటికీ వస్తుంది, ఇంటి నడుమకు వెలుగు పడుతుంది. నేల మనకు ఇచ్చిన ఆ 3 అడుగులను నేను 130 ట్రాక్టర్ల కింద పాతిపెట్టాను.

5. వాస్తు చూసేవాళ్లు కొనకముందే చూసుకోండి.

పడమర పల్లం మంచిది కాదన్నారు. ఆ మాటను గౌరవించే ఇంట్లో పుట్టాను, ఇప్పటికీ గౌరవిస్తాను. కానీ కొన్న తర్వాత అడిగాను కాబట్టి మట్టి పోయడం తప్ప దారి లేకపోయింది. మా వాడిది దక్షిణం రోడ్డు, ఉత్తరానికి పల్లం. ఇంటివాళ్ల మనసుకూ కుదిరింది, నేలకూ కుదిరింది.

6. మంచినీళ్లు ఎగువన, మురుగు దిగువన.

రోడ్డుకు కింద ఉన్న ఇంటి మురుగు రోడ్డు పక్క కాలువకు ఎక్కదు. ప్లాను గీసేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే. వెనక స్నానాలగది నీళ్లు ఎటు పోతాయో తేల్చుకున్నాకనే దాని చోటు తేల్చాలి. నేను నీళ్లు పడతాయన్న చోట, పల్లంలో బోరు వేయించి, దానికి 20 అడుగుల ఎగువన సెప్టిక్ ట్యాంకు కట్టించాను. మా నేల కింద రాయి. ఆ పగుళ్లలో నుంచి ఏది ఎటు పోతుందో కంటికి కనపడదు. మూడో ఏడు బోరు నీళ్లు వాసన కొట్టాయి, బోరు మూసేశాను. రెంటి మధ్య 50 అడుగులకు తక్కువ ఉండవద్దు. ఈశాన్యంలోనే నీళ్లు ఉండాలంటే అక్కడ సంపు కట్టుకోండి, బోరు ఎగువనే వేయండి.

7. మెట్లు కట్టేముందు ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్లు చూడండి.

ఇది మొదట చెప్పాల్సింది. చెప్పడం కష్టంగా ఉండి చివరికి తెచ్చాను.

రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే ఇల్లు గుంతలో పడుతుందన్న భయం ఒకటి, ఇల్లు ఎత్తుగా కనపడాలన్న కోరిక ఒకటి. రెండూ కలిసి నా ఇంటిని రోడ్డుకు నాలుగున్నర అడుగులు లేపాయి. అర అడుగుకు ఒకటి చొప్పున తొమ్మిది మెట్లు. గృహప్రవేశం నాడు మా అవ్వ గోడ పట్టుకొని ఎక్కి, పైన నిలబడి ఆయాసం తీర్చుకొని, "మస్తుగున్నది బిడ్డా" అన్నది. ఆ ఆయాసం నేను వినిపించుకోలేదు.

మా పాత ఇల్లు గూనపెంకులది. ముందు అరుగు. అవ్వ పొద్దంతా ఆ అరుగు మీదనే ఉండేది. బియ్యం ఏరేది, పోయేవాళ్లను పిలిచి మంచిచెడ్డ అడిగేది, కూరగాయలమ్మితో బేరం చేసేది. కొత్త ఇంట్లో ఆమెకు వెనక గది ఇచ్చాను, చప్పుడు ఉండదని. 2003 నాటికి మోకాళ్లు పూర్తిగా పోయాయి. దవాఖానకు పోవాలంటే కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం మోసుకొని దించేవాళ్లం. తొమ్మిది మెట్లూ ఆమె కళ్లు మూసుకొనే ఉండేది. మిగతా రోజులన్నీ ఆ గదిలోనే, పగులు గోడ ఎదురుగా. బయట మాటలు వినపడితే, "ఎవరు పోతున్నరు బిడ్డా?" అని అడిగేది. కొన్నిసార్లు చెప్పేవాణ్ణి. పనిలో ఉంటే, "ఎవరో తియ్యవ్వా" అనేవాణ్ణి.

2008 సద్దుల బతుకమ్మ నాడు మా వాకిట్లోనే ఆడవాళ్లు బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. చప్పట్లు, పాట లోపలికి వినపడుతున్నాయి. అవ్వ నన్ను పిలిచి, "ఒక్కసారి కిందికి దించు, చూస్త" అన్నది. తమ్ముడు ఊళ్లో లేడు. ఒక్కణ్ణి మోయలేను. పక్కవాళ్లను పిలిస్తే వచ్చేవాళ్లే. పండుగ పూట ఎవరిని పిలుస్తామని, "వచ్చే ఏడు చూద్దాంలే అవ్వా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు, పాట వైపు తల తిప్పుకొని పడుకున్నది. 2009 ఎండాకాలంలో పోయింది.

ఇప్పుడు ర్యాంపు లెక్క నాకు నోటికి వచ్చు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. నా నాలుగున్నర అడుగులకు 54 అడుగులు, వాకిట్లో అంత చోటు లేదు. అడుగున్నరకైతే 18 అడుగులు చాలు, 36 అడుగుల వాకిట్లో సుఖంగా పడుతుంది. మా వాడి ప్లానులో ముందు ముక్క ఎత్తును ఆ లెక్క మీదనే తేల్చాం. పక్కన మూడు మెట్లు కూడా ఉంటాయి. ముందు పడకగది ఎవరికని వాడు అడిగితే, మీ అమ్మకు అన్నాను. ఆమెకు 58 ఏళ్లు, ఇప్పుడైతే మెట్లు చకచకా ఎక్కుతుంది.

పోయిన వారం ముగ్గు పోసిన రోజు అందరం జాగా దగ్గరికి పోయాం. ఆ గది గీతల నడుమ ప్లాస్టిక్ కుర్చీ వేసి మా మరదలిని కూర్చోమన్నాను. కిటికీ వచ్చే చోట నిలబడి, ఇక్కడి నుంచి రోడ్డు కనపడుతున్నదా అని అడిగాను. ఆమె కొంచెం పక్కకు వంగి చూసి, "గుంజ అడ్డమొస్తున్నది బావా" అన్నది. కిటికీని రెండు అడుగులు ఎడమకు జరిపాం.