ఈ యేటి వేట – మరుసటి యేటి మంద

వేట యను మాట వినినంతనే కణ్వాశ్రమ సమీపమున దుష్యంత మహారాజును వారించిన తాపసులు మన సాహిత్యాభిమానులకు స్మరణకు వత్తురు. ఆశ్రమమృగమును చంపరాదని వారు రాజునకు అడ్డు నిలిచిరి. ఇస్లాము ధర్మమున ఇహ్రాము ధరించిన హజ్ యాత్రికునకు భూచర మృగముల వేట నిషిద్ధము. మక్కా, మదీనా నగరముల పవిత్ర పరిధిలో మృగములకు అభయము కలదు. ఈ రెండు సంప్రదాయములును చోటును, కాలమును బట్టి వేటకు హద్దులు ఏర్పరచినవి. ఆధునిక విజ్ఞానము దీనికి మరియొక ప్రశ్నను చేర్చినది. ఎన్నిటిని చంపవచ్చును? వానిలో మగవి యెన్ని, ఆడవి యెన్ని? ఈ యేడు చంపినందువలన వచ్చే యేడు మందకు ఏమగును?

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలనను, దానికి 1991లో జరిగిన సవరణ వలనను జింకవేట నేరము. దానిని సమర్థించుట మా ఉద్దేశము కాదు. అమెరికా దేశమున మాత్రము ప్రతి సంవత్సరము నిర్ణీత దినములలో అనుమతిపత్రము పొందినవారు జింకలను వేటాడుదురు. అచ్చటి ఉత్తర రాష్ట్రములైన విస్కాన్సిన్, మిషిగన్‌ల అనుభవము పై ప్రశ్నలకు చక్కని సమాధానము చెప్పుచున్నది. ఆ అనుభవమును విద్యార్థులకు పరిచయము చేయుటకే ఈ వ్యాసము.

తెల్లతోక జింక సంవత్సరచర్య

ఆ ప్రాంతపు జింకను తెల్లతోక జింక యందురు. అది బెదరి పరుగెత్తునపుడు తోక నిలువున లేచి, దాని క్రింది తెలుపు దూరమునకు కనిపించును. దానికి జతకట్టు కాలము ముఖ్యముగ నవంబరు నెల. గర్భధారణ కాలము సుమారు 200 దినములు. మే చివరను, జూన్ నెలలోను పిల్లలు పుట్టును. మేత సమృద్ధిగ ఉన్నచోట వయసు వచ్చిన ఆడజింక తరచుగ కవలలను ఈనును. సాధారణముగ ఆడజింక తొలిసారి రెండవ యేట తల్లి యగును. ఒక మగజింక అనేకములైన ఆడజింకలతో జతకట్టును.

విస్కాన్సిన్ రాష్ట్రమున తుపాకివేట నవంబరు చివర తొమ్మిది దినములు సాగును. అప్పటికే పెక్కు ఆడజింకలు గర్భము ధరించి యుండును. కావున ఆ దినములలో ఒక ఆడజింకకు తగిలిన గుండు దానితోపాటు రాబోవు జూన్ నెలలో పుట్టవలసిన పిల్లలను గూడ తీసికొనిపోవును. మగజింక కూలినచో ఆ నష్టము ఉండదు. మిగిలిన మగవి దాని పని నెరవేర్చును. వేట ఫలితమును గూర్చిన గణితమంతయు ఈ భేదము మీదనే నిలిచియున్నది.

ఒక చిన్న లెక్క

విషయము స్పష్టమగుటకు ఒక ఊహాగణితము చేయుదము. వేటకు ముందు ఒక అడవిలో వయసు వచ్చిన మగజింకలు 60, ఆడజింకలు 100, ఆ యేటి పిల్లలు 100 కలవనుకొందము. మొత్తము 260. పిల్లలలో సగము మగవి, సగము ఆడవి. శీతకాలమున పెద్దవానిలో నూటికి 10, పిల్లలలో నూటికి 30 చనిపోవుననియు, బ్రదికిన ప్రతి పెద్ద ఆడజింక మరుసటి శరత్కాలమునకు ఒక్కొక్క పిల్లను పెంచుకొనుననియు అనుకొందము.

మొదటి పద్ధతిలో వేటగాండ్రు 40 మగజింకలను మాత్రమే చంపిరి. మరుసటి శరత్కాలమునకు మగవి 53, ఆడవి 125, పిల్లలు 90, మొత్తము 268 అగును. రెండవ పద్ధతిలో 40 ఆడజింకలను మాత్రమే చంపిరి. అప్పుడు మగవి 89, ఆడవి 89, పిల్లలు 54, మొత్తము 232 అగును.

రెండింటను కూలినవి నలుబదియే. కాని మొదటి మంద పెరిగినది, రెండవ మంద తరిగినది. ఇచ్చట మరియొక విశేషము కలదు. కొమ్ములున్న మగజింకను కోరు వేటగానికి మరుసటి యేడు రెండవ అడవియే మేలుగ కనిపించును, ఏలయన అందు మగవి 89. ఆ సంతోషము ఒక్క యేటిది. ఆ పై యేడు క్రొత్తగ వయసునకు వచ్చు మగవి మొదటి అడవిలో 31 లేక 32 కాగా, రెండవ అడవిలో 19 మాత్రమే. ఈ యేడు చంపిన ఆడజింకల లోటు రెండేండ్లకు గాని వేటగాని కంటికి తెలియదు. ఒక్క సంవత్సరపు ఫలితమును చూచి మందను గూర్చి తీర్పు చెప్పరాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఆడజింకను కాపాడుట హద్దు మీరినప్పుడు

అట్లయినచో ఆడజింకలను ఎన్నడును చంపకుండుటయే శ్రేయస్కరమా? విస్కాన్సిన్ ప్రజలు చాలకాలము అట్లే నమ్మిరి. అడవుల నరికివేత వలనను, అదుపులేని వేట వలనను జింకలు క్షీణింపగా 1915లో ఆ రాష్ట్రము మగజింకలను మాత్రమే చంపవలెనని శాసించెను. ఆ శాసనము మేలు చేసినది. నరికిన అడవులు మరల చిగిర్చినవి, మంద పెరిగినది. కాని మా లెక్కలోని మొదటి అడవి వలెనే ఆడజింకల సంఖ్య ఏటేట హెచ్చుచు వచ్చినది. మేత మాత్రము మందతో సమానముగ పెరుగలేదు. మంచు కురియు నెలలలో జింకలు దేవదారు జాతి చెట్ల నీడకు గుంపులుగ చేరి, అందిన కొమ్మలనెల్ల తినివేసి, ఆకలితో చనిపోసాగినవి.

అప్పుడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వన్యమృగ నిర్వహణశాస్త్రమునకు ఆచార్యుడుగ ఉన్న ఆల్డో లియొపోల్డు ఈ సమస్యను పరిశీలించిన పౌరసంఘమునకు అధ్యక్షత వహించెను. మందను తగ్గింపనిచో అడవియు, జింకయు రెండును చెడునని ఆయన నిశ్చయము. 1943లో ఆయన రాష్ట్ర సంరక్షణ మండలిలో సభ్యుడయ్యెను. ఆ యేడు కొన్ని దినములు మగజింకలను, మరికొన్ని దినములు కొమ్ములు లేనివానిని వేటాడ అనుమతించిరి. సుమారు 1,28,000 జింకలు కూలెను. ప్రజలలో గొప్ప అలజడి పుట్టినది. మందయంతయు నాశనమయ్యెనని పత్రికలలో నిందలు వచ్చినవి. ఆ వేటను ఒక నేరముగ వర్ణించిరి. మరుసటి యేడు మరల మగజింకల వేట మాత్రమే సాగెను.

1944లో కూలిన జింకల సంఖ్య తగ్గుట సహజము, ఏలయన ఆడవానిని చంపుటకు అనుమతియే లేదు. ఆ తగ్గుదలను చూచి మంద నశించెననుట తర్కమునకు నిలువదు. నియమము మారిన యేడు లెక్కయు మారును. 1950లో ఏ జింకనైనను చంపవచ్చునని అనుమతింపగా 1,67,000కు పైగ కూలినవి. మంద 1943లోనే నాశనమై యుండినచో ఇది సాధ్యమగునా? లియొపోల్డు 1948లో మరణించెను. తన మాట నిలిచినదని చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు.

మేతయు, మందయు

మందకును మేతకును గల సంబంధమును స్పష్టముగ చూపిన చోటు మిషిగన్ రాష్ట్రమందలి జార్జి రిజర్వు. అది రెండు చదరపు మైళ్లకు కొంచెము తక్కువ వైశాల్యము గల కంచె వేసిన అడవి. 1928లో అందు ఆరు జింకలను, అనగా రెండు మగవానిని నాలుగు ఆడవానిని, విడిచిరి. 1933లో మనుష్యులు వరుసగ నడచి లెక్కింపగా 160 కనబడెను! ఆ తరువాత అచ్చట ఏటేట కొన్నిటిని చంపి లెక్కలు వ్రాసిరి. 1975 నాటికి మందను పదింటికి తగ్గింపగా, 1980వ దశకపు ఆరంభమునకే అది తిరిగి రెండు వందలు దాటెను.

ఆ లెక్కలను పరిశోధించి డేల్ మెకల్లో అను శాస్త్రజ్ఞుడు 1979లో ఒక గ్రంథము ప్రకటించెను. మంద నిండుగ ఉన్నప్పుడు మేత చాలదు, పిల్లలు తక్కువగ బ్రదుకును. మంద మరీ చిన్నదైనచో ఈనవలసిన తల్లులే తక్కువ. ఆ నేల పోషింపగల సంఖ్యలో సగమునకు కొంచెము పైన మందను నిలిపినచో ఏటేట అత్యధికముగ పిల్లలు చేతికి వచ్చును. కావున మేత కొరవడిన చోట కొన్ని ఆడజింకలను తీసివేసినపుడు మిగిలినవి బలిసి, వాని పిల్లలు ఎక్కువగ నిలుచును. మేత సమృద్ధిగ ఉన్నచోట అదే వేట మందను నిజముగ తగ్గించును. ఒకే సంఖ్య ఒకచోట ఔషధము, మరియొకచోట విషము.

వేటయు, క్రూరమృగములును రెండును లేనిచో ఏమగునో తెలిసికొనుటకు మరియొక ఉదాహరణము చూడవలెను. అది తెల్లతోక జింకది కాదు, జింకల కుటుంబమునకే చెందిన రెయిన్‌డీరుది. అలాస్కాకు చెందిన సెయింట్ మాథ్యూ ద్వీపమున 1944లో అమెరికా తీరరక్షక దళము వారు అత్యవసరాహారముగ 29 రెయిన్‌డీర్లను విడిచిరి. కొలదికాలమునకే మనుష్యులు ద్వీపమును వదలి పోయిరి. 1963 నాటికి మంద 6,000 అయ్యెను. మేత తరిగినది. ఆ వెంటనే తీవ్రమైన శీతకాలము వచ్చినది. 1966లో లెక్కింపగా 42 మాత్రమే మిగిలినవి. వానిలో మగది ఒక్కటే. తుపాకి పేలకయే దాదాపు ఆరువేల మృగములు మరణించెను.

లెక్కించు విధానము

అడవిలోని జింకలను ఎవరును ఒక్కొక్కటిగ లెక్కింపలేరు. కావున కూలినవానినుండియే బ్రదికియున్నవానిని అంచనా వేయుదురు. విస్కాన్సిన్‌లో 1953 నుండి వేటగాడు తాను చంపిన జింకను తప్పక నమోదు చేయింపవలెను. ఇప్పుడు ఈ నమోదు దూరవాణి ద్వారాను, ఇంటర్‌నెట్ ద్వారాను జరుగుచున్నది. దంతములను పరీక్షించి జింక వయస్సు నిర్ణయింతురు. కూలిన పెద్ద మగవానిలో ఏడాదిన్నర వయస్సు గలవి నూటికి 60 అయినచో, స్థిరముగ ఉన్న మందలో మగవి ఏటేట సుమారు నూటికి 60 చనిపోవుచున్నవని ఊహింతురు. ఆ చావులలో పదింట తొమ్మిది వేటవలననే అనుకొన్నచో, వేటలో నూటికి 54 కూలినట్లు. కూలిన మగవి 540 అయినచో వేటకు ముందు 1,000 ఉండవలెను. ఆపైన ఆడమగల నిష్పత్తిని బట్టియు, తల్లికెన్ని పిల్లలను దానిని బట్టియు మొత్తము మందను కట్టుదురు.

కాని ఈ అంచనాకు హెచ్చరికలు కలవు. మొదటి శని, ఆదివారములలో వాన కురిసినను, గాలి వీచినను వేటగాండ్రు తక్కువగ తిరుగుదురు. జొన్న, మొక్కజొన్న చేలు కోయకున్నచో జింకలు వానిలో దాగును. వేటగాండ్ర సంఖ్యయే తగ్గవచ్చును. అప్పుడు తక్కువ జింకలు కూలినంత మాత్రమున మంద తగ్గినదనరాదు. వేట ముగిసిన పిమ్మట వచ్చు చలియు లెక్కకు రావలెను. అందులకై వారు డిసెంబరు మొదలు ఏప్రిల్ చివరివరకు, మంచు 18 అంగుళములు పేరుకొన్న ప్రతి దినమునకు ఒక అంకెను, ఫారన్‌హీట్ మానమున సున్నకు గాని అంతకు తక్కువకు గాని దిగిన ప్రతి దినమునకు ఒక అంకెను కూడుదురు. మొత్తము 50 లోపైన చలి సాధారణము, 100 దాటినచో అతితీవ్రము. అతితీవ్రమైన చలి తరువాతి యేడు ఆడజింకల అనుమతులను తగ్గించుట వివేకము.

2002లో ఆ రాష్ట్రపు జింకలలో మెదడును క్షీణింపజేయు ఒక అంటువ్యాధి బయటపడినది. దానికి చికిత్స లేదు. నాటినుండి ఎన్ని జింకలున్నవను ప్రశ్నతోపాటు అవి ఆరోగ్యముగ ఉన్నవా యను ప్రశ్నయు తప్పనిదైనది.

మనకేమి?

వేటలేని దేశమున ఈ లెక్క మనకేల యని విద్యార్థులు అడుగవచ్చును. హైదరాబాదు నగరమందలి మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటభూమి. 1975 నుండి అది కృష్ణజింకలకు ఆశ్రయము. వేట ఆగినది, మంచిదే. కాని చుట్టును నగరము పెరిగిన పచ్చికబయలు పెరుగదు. ఎన్ని జింకలకు ఎంత గడ్డి యను ప్రశ్న అచ్చటను ఉండనే ఉండును. చంపకుండుట రక్షణకు మొదటి మెట్టు మాత్రమే. లెక్కించుట, మేతను చూచుట, నీటిని చూచుట తరువాతి మెట్లు. చెరువులో చేపలు పట్టువారును, అడవిలో తునికాకు కోయువారును ఈ సూత్రమునకు లోబడినవారే.

అమెరికావారు వేటలో కూలిన జింకలను పంటకోతకు వాడు మాటతోనే పిలుతురు. ఆ మాట తగునా తగదా యని భాషాభిమానులు వాదింపవచ్చును. కాని ఒక్క అర్థమున అది తగినదే. కోసిన ధాన్యమంతయు తినివేసిన రైతు మరుసటి యేడు విత్తలేడు. గాదెలోని గింజను చూచి విత్తనపు గింజను మరచినవాడు రైతు కాడు. అట్లే పొలమునకు మించిన విత్తనము చల్లినవాడును పంట పండింపలేడు. ఈ యేటి లెక్కను మాత్రమే చూచి సంతోషించుటయు, భయపడుటయు రెండును తొందరపాటే. మిగిలినవి ఏవి, వానికి మేత ఎంత, రాబోవు ఋతువు ఎట్టిది యని అడిగి తెలిసికొన్నవానికే మరుసటి యేటిని గూర్చి మాట్లాడు అధికారము కలదు. మన విద్యార్థులు ఏ శాస్త్రమును చదివినను ఈ విధముగ ప్రశ్నించుటను అలవరచుకొందురుగాక యని మా ఆకాంక్ష.