మీ ఊరి నేల గురించి ఫైల్లో ఏం రాశారో అడగండి

ప్రశ్న: మా ఊరి పోరంబోకు భూముల్లో పెద్ద పరిశ్రమ పెడతారని చెప్పుకుంటున్నారు. కాగితాలు చూపించమంటే ‘మీకెందుకు?’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ‘మీకెందుకు’ అనే అధికారం ఎవరికీ లేదు. సమాచార హక్కు చట్టం–2005, సెక్షన్ 6(2) ప్రకారం మీరు కారణం చెప్పనక్కర్లేదు.

నేల గురించి ఫైల్లో రాసే ఒక్క మాట ఎంత ప్రమాదకరమో మీ జిల్లాలోని సోంపేట వాసులకు తెలుసు. పంటలకు నీళ్లు, జాలర్లకు చేపలు ఇచ్చే బీలను (చిత్తడి నేలను) కాగితాల్లో పనికిరాని భూమిగా చూపారు. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రానికి పర్యావరణ అనుమతి వచ్చింది. దాన్ని వ్యతిరేకించిన జనంపై 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అందుకే కాగితం మొదట్లోనే చూడాలి.

ఏం అడగాలి? ‘ఎందుకు ఇచ్చారు’ అని కాదు, పత్రాలు అడగండి: సర్వే నంబర్లవారీగా అడంగల్ నకలు, భూకేటాయింపు ఉత్తర్వు, తహసీల్దార్ నివేదిక, గ్రామసభ తీర్మానం.

ఎలా? తెల్లకాగితంపై తెలుగులో రాసి పౌర సమాచార అధికారికి ఇవ్వండి. గ్రామస్థాయిలో రుసుము లేదు. మండలంలో 5, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువనున్నవారు ఆధారం జతచేస్తే ఉచితం. రాయడం రానివారు నోటితో చెబితే, దాన్ని రాతలో పెట్టేందుకు అధికారే సాయపడాలి. రసీదు తప్పక తీసుకోండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చింది సరిగా లేకపోతే, మరో 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయండి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లండి. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున, 25,000 రూపాయల దాకా జరిమానా వేయగలదు.

ఒక్క హెచ్చరిక. పరిశ్రమకు పర్యావరణ అనుమతి ఇచ్చేముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇస్తారు. సమాచార హక్కు గడువూ 30 రోజులే. నోటీసు చూశాక దరఖాస్తు పెడితే, సభ ముగిశాక జవాబు రావచ్చు. ఆ నోటీసు వస్తే పర్యావరణ ప్రభావ ముసాయిదా నివేదికను కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో నేరుగా చూడొచ్చు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం దాని సారాంశం తెలుగులోనూ ఉండాలి. భూమి కాగితాలకు మాత్రం ఈ వారమే దరఖాస్తు పెట్టండి. నలుగురు నాలుగు ఆఫీసుల్లో పెడితే మరీ మంచిది. కాగితాలు చేతికొచ్చాక గ్రామసభలో అందరి ముందూ చదివి వినిపించండి.