మన అంగడి మాట మనమే రాసుకుందాం
(రాయడం రాదనుకునే వాళ్ళ కోసం ఒక పాఠం)

మేము, అంటే శనివారం పొద్దున్న ఈ బడిలో పెద్దపిల్లల తరగతి చూసే వాళ్ళం, కవులం కాము. రచయితలం అసలే కాము. వారానికి ఐదు రోజులు కంప్యూటర్ల ముందు కూర్చుని ప్రోగ్రాములు రాసుకునే ఇంజనీర్లం. పదో తరగతి దాకా వ్యాసరచన అంటే మాకు గైడు తెరిచి బట్టీ పట్టడమే. ఆవు వ్యాసం ఒక్కటే వచ్చిన కుర్రాడి సంగతి మీకు తెలిసిందే కదా. పరీక్షలో రైలు ప్రయాణం గురించి రాయమంటే, కిటికీలోంచి ఒక ఆవు కనబడింది అని మొదలుపెట్టి, మిగతా రెండు పేజీలూ ఆవు గురించే రాశాడట. మేమూ ఆ బాపతే. అలాంటి మేము, వ్యాపారం గురించి చక్కగా రాయడం ఎలాగో పాఠం చెప్పడమేమిటని మీకు సందేహం రావచ్చు. మేమొక పొరపాటు చేశాం, అది చూసి కొంత నేర్చుకున్నాం. అందుకే చెబుతున్నాం.

మా బడిలో చదివే ఒకబ్బాయి వాళ్ళమ్మగారు పొడులు చేసి అమ్ముతారు. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, పల్లీల కారం. ఆవిడ చాలా ఏళ్ళు హెచ్-4 వీసా మీద ఇంటిపట్టునే ఉండిపోయారు. 2015 మే నెలాఖరులో, హెచ్-4 మీద ఉన్నవాళ్ళలో కొందరికి పని చేసుకునే వీలు కల్పించిన నిబంధన అమల్లోకి వచ్చాక, కాగితాలన్నీ చేతికందాక, లైసెన్సున్న వంటగదిని గంటల లెక్కన అద్దెకు తీసుకుని ఈ పని మొదలుపెట్టారు. చేతి రుచికి వంక పెట్టడానికి లేదు. అయినా వ్యాపారం తెలిసినవాళ్ళ గడప దాటలేదు. ఇంకో ఏడాది చూసి మానేద్దామనుకుంటున్న సమయంలో మా దగ్గరకొచ్చి, "అన్నయ్యగారూ, నాకు వండడం వచ్చుగానీ రాయడం రాదు. మీరు తెలుగు మేష్టార్లు కదా, నా పొడుల గురించి ఒక కాగితం రాసిపెట్టండి" అని అడిగారు.

మేము పొంగిపోయాం. ముగ్గురం కూర్చుని రెండు సాయంత్రాలు తంటాలు పడి రాశాం. అమ్మమ్మల కాలం నాటి అచ్చమైన రుచులు, అత్యుత్తమ నాణ్యత, స్వచ్ఛత, సంప్రదాయం, మీ ఇంటి ముంగిట అమృతం... ఇలా సాగింది. పక్క పేజీలో అదే ఇంగ్లీషులో. చదువుకుని మాకు మేమే మురిసిపోయాం. 2024 ఉగాది వేడుకల్లో ఆవిడ ఒక బల్ల వేసుకుని, పొడి కలిపిన నేతి అన్నం చిన్న చిన్న కప్పుల్లో రుచికి పెట్టి, ఆ పక్కన మా కాగితాలు దొంతరగా పేర్చారు.

కొత్తగా మా ఊరు వచ్చిన ఒక తల్లి ఆ కాగితం రెండువైపులా శ్రద్ధగా చదివి, పక్కనున్న పిల్లవాడికి ఒక కప్పు అందించబోయారు. బల్ల వెనకాల పొట్లాలు సర్దుతున్న మా విద్యార్థి, తొమ్మిదేళ్ళవాడు, గట్టిగా అరిచాడు: "ఆంటీ, అందులో నువ్వులున్నాయి! వాడికి నువ్వులు పడవు!" ఇద్దరూ ఒకే స్కూలు, మధ్యాహ్నం భోజనం ఒకే బల్ల దగ్గర. అందుకని వాడికి తెలిసింది. ఆ తల్లి కప్పు కింద పెట్టేసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా కాగితం మళ్ళీ తీసి, వేలు పెట్టి వెతికారు. అందులో అమృతం ఉంది, నువ్వులు లేవు.

అమ్మే పొట్లాల మీద దినుసులన్నీ సరిగ్గానే అచ్చయి ఉన్నాయి. అమెరికాలో పొట్లం మీద తప్పనిసరిగా పేర్కొనాల్సిన ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో, 2021లో వచ్చిన చట్టం ప్రకారం, నువ్వులు తొమ్మిదవవి. అది 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పల్లీలు, జీడిపప్పులాంటి గింజలు, పాలు, గోధుమ ఆ జాబితాలో ముందునుంచీ ఉన్నవే. విప్పి పెట్టిన కప్పులకు మాత్రం చీటీ లేదు. వాటి గురించి చెప్పవలసింది మా కాగితమే. అది చెప్పలేదు. ఆ రోజు ఆ బల్ల దగ్గర పుట్టిన రచనల్లో మంచిది ఏదంటే, మా తొమ్మిదేళ్ళవాడు అరిచిన ఆ రెండు వాక్యాలే. ఎవరికి కావాలో వాళ్ళకు, కావలసిన వేళకు, కావలసిన మాట చెప్పాయి.

ఆ మరుసటి వారం నుంచి మా తరగతిలో ఇదే పాఠం. ఇంట్లో ఏ వ్యాపారమున్నా సరే, సంగీతం చెప్పే అమ్మగారు కావచ్చు, పన్నుల లెక్కలు చూసే నాన్నగారు కావచ్చు, దాని గురించి పిల్లలు ఒక పేజీ రాసుకురావాలి. మేము కూడా రాయాలి. నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ చెబుతాం.

మొదట మాకు అర్థమైనది, ఏం రాయాలో మనం ఆలోచించి తెచ్చుకోనక్కర్లేదని. కొనేవాళ్ళు రోజూ చెబుతూనే ఉంటారు. ఆ పొడులమ్మగారి ఫోను పక్కన ఒక నోటుపుస్తకం పెట్టించి, అడిగిన ప్రశ్నలన్నీ అడిగినవి అడిగినట్టే రాయమన్నాం. "వెల్లుల్లి వేశారా, మా అత్తగారు తినరు." "ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచొచ్చా?" "ఇది ఇడ్లీలోకా, అన్నంలోకా?" "మా అమ్మాయి హాస్టల్‌కి పంపిస్తే ఎన్నాళ్ళుంటుంది?" నెల తిరిగేసరికి నాలుగు పేజీలు నిండాయి. రెండోసారి వచ్చిన ప్రశ్న పక్కన ఒక గీత, మూడోసారి వస్తే ఇంకో గీత. ఎక్కువ గీతలున్న ప్రశ్నే మొదటి వ్యాసం. మా ఆఫీసుల్లో ఎవరైనా ప్రోగ్రాములో తప్పు పట్టుకుంటే ఎలా నమోదు చేస్తామో అచ్చం అలాగే: ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాలనుకున్నారు. ఇరవై ఏళ్ళుగా మేము రోజూ రాస్తున్నది అదే. దాన్ని రాయడం కింద మేమెప్పుడూ లెక్కపెట్టుకోలేదు, అంతే.

రెండోది, ఎవరితో మాట్లాడుతున్నామో మనసులో పెట్టుకోవడం. వారెన్ బఫెట్ అంత పెద్ద వ్యాపారి తన కంపెనీ వార్షిక నివేదిక రాసేటప్పుడు తన అక్కచెల్లెళ్ళు డోరిస్, బెర్టీలతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుంటానని చెప్పాడు. వాళ్ళు తెలివైనవాళ్ళే, కాకపోతే లెక్కల పరిభాషలో ఆరితేరినవాళ్ళు కారు. ఈ సంగతి ఆయన 1998లో అమెరికా షేర్ల నియంత్రణ సంస్థ తేలిక ఇంగ్లీషు గురించి వేసిన చేతిపుస్తకానికి ముందుమాటలో రాశాడు. మా పొడులమ్మగారిని, "మీకు డోరిస్ ఎవరు?" అని అడిగితే, "విజయనగరంలో మా చిన్న చెల్లెలు. దానికి చెప్పకుండా నేనేమీ చేయను" అన్నారు. సరే, చెల్లెలికే చెప్పండన్నాం.

ఇక్కడే మన పిల్లలు పనికొచ్చారు. మన ఇళ్ళలో విచిత్రం ఏమిటంటే, చెప్పగలిగినవాళ్ళు తెలుగులో చెబుతారు, రాయగలిగినవాళ్ళు ఇంగ్లీషులో రాస్తారు. తల్లి కాగితం ముందు కూర్చుంటే చెయ్యి కదలదు. పొయ్యి ముందు నిలబడితే నోరాగదు! అందుచేత కొడుకుని ఫోనులో రికార్డు చేయమని పక్కన నిలబెట్టాం. వాడికి ఇచ్చిన పని ఒక్కటే: అర్థం కానప్పుడల్లా "ఎందుకు?" అనాలి. నువ్వులు నూనె లేకుండా వేయిస్తామంది. ఎందుకు? వాటిలోనే బోలెడంత నూనె ఉందిరా. సన్న సెగ మీదే ఎందుకు? మాడితే చేదొస్తుంది. నువ్వుల పొడి తక్కువ తక్కువగా చేస్తావెందుకు? ఆ నూనె వల్లే తొందరగా పాతవాసన వస్తుంది, కందిపొడిలా ఎక్కువ రోజులు ఆగదు. ఇరవై నిమిషాల రికార్డింగు. దాన్ని వాడు కూర్చుని ఉన్నదున్నట్టు తెలుగులో ఎక్కించాడు. ఒత్తులూ దీర్ఘాలూ కొన్ని పోయాయి, వాటిని మేము దిద్దాం. ఇంగ్లీషు వాడే చేశాడు, మా ఇంగ్లీషు కంటే చాలా నయం.

అన్నట్టు, మన పెద్దవాళ్ళకు ఒక జంకు ఉంటుంది, రాతలో మాట్లాడినట్టు రాయకూడదేమోనని. ఆ జంకు తీర్చడానికే గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం మన బడిలో ఏటా చేసుకుంటూనే ఉన్నాం. పాటలు పాడి, మిఠాయిలు పంచుకుని, మళ్ళీ కరపత్రంలో "ముంగిట అమృతం" అని రాసింది మేమే.

సరే, మాటలు దొరికాయి. వాటిని ఏ వరసలో పెట్టాలి? దీనికి మాకు ఇంజనీరింగు కాలేజీ ల్యాబు రికార్డు గుర్తొచ్చింది. ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలనలు, ఫలితం, జాగ్రత్తలు. వారం వారం రాసి రాసి విసిగిపోయిన ఆ వరసే ఇప్పుడు అక్కరకొచ్చింది. ఈ పొడి ఎందుకు, ఇందులో ఏమేమున్నాయి, ఎలా చేస్తాను, ఎలా తినాలి, ఎన్నాళ్ళుంటుంది, ఎవరు తినకూడదు. కాకపోతే ఒక మార్పు చేశాం. జాగ్రత్తలు రికార్డులో చివరన ఉంటాయి, మేము వాటిని పైకి తెచ్చాం. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఫలితం ముందే తెలుసు కాబట్టి, లోలకం ఊపకుండానే రీడింగులు వండేసేవాళ్ళం. లెక్చరర్లకూ తెలుసు. వ్యాపారం రాతలో ఆ వంట పనికిరాదు. "అందరూ మెచ్చుకుంటున్నారు" అని ఒకబ్బాయి వాళ్ళ నాన్నగారి గురించి రాస్తే, ఆ అందరూ ఎవరని అడిగాం. లెక్కపెడితే ఏడుగురు తేలారు. ఏడుగురు అనే రాయమన్నాం. చదివితే అదే బాగుంది, నమ్మబుద్ధేసింది.

రాత మెరుగుపడాలంటే సాధన కావాలి. ఈ విషయంలో మాకు గురువు బెంజమిన్ ఫ్రాంక్లిన్. వంద డాలర్ల నోటు మీద ఉండే పెద్దమనిషి. ఆయన అన్నగారి అచ్చుశాలలో పని నేర్చుకుంటున్న కుర్రాడిగా ఉన్నప్పుడు, స్నేహితుడితో ఒక వాదన గురించి ఉత్తరాలు రాసుకున్నాడు. వాటిని చూసిన తండ్రి, వర్ణక్రమంలో నువ్వే మేలుగానీ సొగసులో, క్రమంలో, స్పష్టతలో అవతలివాడే మేలని చెప్పి, ఎక్కడెక్కడ తగ్గిందో చూపించాడట. పిల్లవాడు అలిగి మానేయలేదు. 'స్పెక్టేటర్' అనే లండన్ పత్రిక సంపుటం ఒకటి సంపాదించి, నచ్చిన వ్యాసం చదివి, ఒక్కో వాక్యానికీ చిన్న గుర్తు మాత్రం రాసుకుని పక్కన పెట్టేవాడు. కొన్ని రోజులాగి, పుస్తకం చూడకుండా ఆ గుర్తుల సాయంతో వ్యాసం మళ్ళీ తన మాటల్లో రాసేవాడు. తర్వాత అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. ఒక్కోసారి ఆ గుర్తుల చీటీలు కలగాపులగం చేసి, కొన్ని వారాల తర్వాత వరస పెట్టే ప్రయత్నం చేసేవాడు, ఆలోచనలను క్రమంలో పేర్చడం అలవాటు కావాలని. ఇదంతా ఆయన ఆత్మకథలో ఉంది. ఆ కుర్రాడే పదహారో ఏట, 1722లో, ఒక వితంతువు పేరు పెట్టుకుని అన్నగారి పత్రికకు గుట్టుగా రచనలు పంపితే, రాసింది ఎవరో తెలియక అచ్చు వేశారు. పెద్దయ్యాక సొంత అచ్చుశాల పెట్టి వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు.

మేము ఇదే పని 'చందమామ' కథలతో చేయిస్తున్నాం. 1947లో మొదలైన ఆ పత్రికను కొడవటిగంటి కుటుంబరావుగారు ఏళ్ళ తరబడి తీర్చిదిద్దారు. ఆ వాక్యాలు పొట్టిగా, తేటగా ఉంటాయి. పిల్లలు ఒక కథ చదివి, వాక్యానికో ముక్క గుర్తుపెట్టుకుని, తర్వాతి శనివారం మళ్ళీ రాస్తారు. పెద్దవాళ్ళం కూడా రాస్తాం. పోల్చుకున్నప్పుడు మాకు తెలిసిందేమిటంటే, పిల్లలకు మాటలు తక్కువై పోతాయి, మాకు ఎక్కువై పోతాయి. ఒక కథలో రెండు మాటల్లో అయిపోయే రాజుగారి కోపానికి మాలో ఒకరు ఆరు వాక్యాలు ఖర్చుపెట్టారు. (ఎవరన్నది ఇక్కడ రాయం.)

ఇంతకీ ఆ పొడులమ్మగారి కొత్త కాగితం. మొదటి వరసలోనే పెద్ద అక్షరాలతో: నువ్వుల పొడిలో నువ్వులు, పల్లీల కారంలో పల్లీలు ఉన్నాయి, అన్నీ ఒకే వంటగదిలో చేస్తాను. ఆ కింద ఏ పొడిలో వెల్లుల్లి ఉందో, ఏది ఎన్నాళ్ళుంటుందో, తడి చెంచా ఎందుకు పెట్టకూడదో ఉంది. విశేషణం ఒక్కటీ లేదు. మాకు కాస్త బోసిగా అనిపించింది, "రుచికరమైన" అన్నమాట ఒక్కటైనా ఉంచుదామన్నాం. "రుచి సంగతి తిన్నాక వాళ్ళే చెబుతారులెండి అన్నయ్యగారూ" అని ఆవిడే కొట్టేశారు.

ఆ వేసవిలో ఆవిడ మానేయలేదు. ఉగాదినాడు కప్పు కింద పెట్టేసిన ఆ తల్లే ఫోను చేసి, నువ్వులూ పల్లీలూ తగలకుండా వేరే రోజున, కడిగిన పాత్రల్లో కందిపొడి చేసిస్తారా అని అడిగారు. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. అద్దె వంటగది కదా, తనకు ముందు అక్కడ ఎవరు ఏం వండారో తనకు తెలియదు. ఆ మాటే చెప్పి, మీ డాక్టరుగారిని అడిగి చూడండన్నారు. ఫోను పెట్టేశాక కొడుకుని పిలిచి, కాగితం చివర ఇంకో వాక్యం చేర్చమన్నారు: "మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా పడకపోతే కొనే ముందు నాకు ఫోను చేయండి, నాకు తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెబుతాను."