అమ్మమ్మ బి.పి. గోలీలో ఎన్ని మందులున్నాయి?

పిల్లలూ, మీ ఇంట్లో అమ్మమ్మగాని, తాతయ్యగాని బి.పి. గోలీలు వేసుకుంటున్నారా? అయితే వారినడిగి ఆ గోలీల అట్ట ఒకటి తెచ్చి పక్కన పెట్టుకోండి. గోలీలు మాత్రం బయటికి తీయవద్దు. అట్ట మీద రెండు రకాల పేర్లుంటాయి. ఒకటి కంపెనీ పెట్టుకున్న పేరు. రెండోది అసలు మందు పేరు. దాని పక్కన ఎన్ని మిల్లీగ్రాములో కూడా ఉంటుంది. ‘టెల్మిసార్టాన్ 40 మి.గ్రా., ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా.’ అని కనిపించిందనుకోండి. ఆ ఒక్క గోలీలో రెండు మందులున్నాయన్నమాట.

“ఒక రోగానికి రెండు మందులా? అంటే రోగం ముదిరినట్టేనా మాస్టారూ?” అని సికింద్రాబాదులో మా వీధివాళ్ళు నన్ను అడుగుతుంటారు. నేను డాక్టరును కాను. కాని ఈ ప్రశ్నకు జవాబు మీ భౌతికశాస్త్రంలోనే సగం ఉంది.

తోటకు నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టాన్ని తలచుకోండి. మోటారు గట్టిగా తోస్తే గొట్టంలో పోటు పెరుగుతుంది. గొట్టాన్ని వేళ్ళతో నొక్కి సన్నగా చేస్తే వేళ్ళకు వెనుక వైపున పోటు పెరుగుతుంది. మన ఒంట్లో మోటారు గుండె, గొట్టాలు ధమనులు. వీటికి తోడు మూడో సంగతి ఒకటుంది: ఒంట్లో ఉప్పు, నీరు ఎక్కువగా నిలిచిపోతే గొట్టాల్లో తిరిగే రక్తం పరిమాణమే పెరుగుతుంది.

గొట్టం సన్నబడడం ఎంత పెద్ద విషయమో ఒక లెక్క చేసి చూడండి. ప్వాజయ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1840ల్లో కనుగొన్న సూత్రం ప్రకారం, గొట్టం ఇచ్చే నిరోధం దాని వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. వ్యాసార్ధం పదోవంతు తగ్గి 0.9 అయిందనుకుందాం. 0.9 ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 0.6561. దానితో 1 ని భాగిస్తే 1.52. చూశారా! పదోవంతు బిగుసుకుంటే నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగింది. రక్తనాళాలు రబ్బరు గొట్టాలంత సాదాసీదావి కావు కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు, కాని దారి ఇదే.

ఆమ్లోడిపిన్ ధమనుల గోడల్లోని కండరంలోకి కాల్షియం చొరబడకుండా అడ్డుకుంటుంది. కండరం వదులవుతుంది, గొట్టం వెడల్పవుతుంది, పోటు తగ్గుతుంది. అక్కడితో కథ అయిపోతే రెండో మందు అక్కరలేదు. కాని శరీరం ఊరుకోదు. పోటు పడిపోతున్నదని గ్రహించి మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దానివల్ల పుట్టే యాంజియోటెన్సిన్ నాళాలను మళ్ళీ బిగిస్తుంది, ఉప్పును ఒంట్లో నిలుపుతుంది. మనం ఒక తలుపు తెరిస్తే అది ఇంకొకటి మూస్తుంది! టెల్మిసార్టాన్ పని ఆ యాంజియోటెన్సిన్‌ను అడ్డుకోవడమే.

ఇంకో తమాషా వినండి. ఆమ్లోడిపిన్ ఒక్కటే ఎక్కువ మోతాదులో వాడితే కొందరికి చీలమండలు వాస్తాయి. సన్న ధమనులు వెడల్పయి, రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సన్న సిరలు అంతగా తెరుచుకోకపోతే నీరు కణజాలంలోకి ఊరుతుంది. టెల్మిసార్టాన్ ఆ సిరల వైపునూ వదులు చేస్తుంది కాబట్టి వాపు తగ్గుతుంది. ఒక మందు పెట్టే బాధను రెండోది కొంత తీరుస్తుందన్నమాట.

సరే, మందు మార్చకుండా మోతాదే రెట్టింపు చేస్తే పోదా? 42 పరిశోధనల్లో పాల్గొన్న సుమారు 11,000 మంది వివరాలను కలిపి పరిశీలించి 2009లో శాస్త్రజ్ఞులు జవాబు చెప్పారు. ఒకే మందును రెట్టింపు చేస్తే అదనంగా తగ్గే పోటుకన్నా, వేరే తరగతి మందును జోడిస్తే తగ్గేది దాదాపు 5 రెట్లు ఎక్కువ. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి జంట బి.పి. గోలీలను అత్యవసర మందుల పట్టికలో చేర్చింది.

గోలీల సంఖ్య తగ్గితే మరవడమూ తగ్గుతుంది. దీనికి సాక్ష్యం మన ఊరి గోలీయే. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు, వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళకు హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ తయారుచేసిన నాలుగు మందుల గోలీని ఇచ్చి చూశారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. పాల్గొన్న 2,004 మందిలో సగం మంది మన దేశంవాళ్ళే. విడివిడి మందుల పద్ధతిలో ఉన్నవాళ్ళలో నూటికి 65 మంది క్రమంగా వాడితే, ఒకే గోలీ తీసుకున్నవాళ్ళలో 86 మంది వాడారు.

అలాగని ఏ రెండింటినైనా కలిపేయవచ్చునా? కూడదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ రెండూ దాదాపు ఒకే దారిని అడ్డుకుంటాయి. వాటిని కలిపి ఇచ్చి చూసిన ఒక పెద్ద పరిశోధనలో (2008) అదనపు మేలేమీ కనబడలేదు. మూత్రపిండాలకు మాత్రం ఇబ్బంది పెరిగింది. 2016లో మన ప్రభుత్వం 344 రకాల మిశ్రమ మందులను అర్థం లేనివని నిషేధించింది కూడా. మోకాళ్ళ నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే గోలీలున్నాయి చూశారూ, వాటిలో చాలావాటికి బి.పి. మందులతో పొత్తు కుదరదు. అవి పోటును పెంచుతాయి, మూత్రపిండాలనూ ఇబ్బంది పెడతాయి. ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. నాలుగేళ్ళ క్రిందట మే నెలలో డాక్టరుగారు మా అమ్మకు టెల్మిసార్టాన్ గోలీ మార్చి, జంట గోలీ రాశారు. పాతది ఆపాలని చీటీలో ఉంది. నేను చూడలేదు. పేర్లు వేరు, రంగులు వేరు. రెండూ డబ్బాలో సర్దాను. ఆరో రోజు తెల్లవారుజామున అమ్మ మంచం మీంచి లేచి నిలబడి, కళ్ళు తిరిగి పడిపోయింది. మణికట్టు ఎముక విరిగింది. ఆస్పత్రిలో చూస్తే పై సంఖ్య 88. డాక్టరుగారు రెండు అట్టలనూ పక్కపక్కన పెట్టారు. రెండింటిమీదా టెల్మిసార్టాన్ 40 అనే ఉంది. ఎండలకు ఒంట్లో నీరు తగ్గడం దానికి తోడయింది. లేబుల్ చదవకుండా సీసా ముట్టుకోవద్దని ప్రయోగశాలలో ఇన్నేళ్ళుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి నేనే!

భయపడి అమ్మ అన్ని గోలీలూ మానేస్తానంది. అదీ ప్రమాదమే, పోటు మళ్ళీ ఎగబాకుతుంది. డాక్టరుగారు మోతాదు సరిచేసి, జంట గోలీనే కొనసాగించారు.

ఇప్పుడు మా ఇంట్లో అల్మారా తలుపు మీద ఒక కాగితం ఉంది. తొమ్మిదో తరగతి చదివే మా చిన్నమ్మాయి గీసింది. మందు పేరు, ఎన్ని మి.గ్రా., ఏ పూట, ఎందుకు అని నాలుగు గడులు. కంపెనీ పేరు రాయదు. మందు మారితే పాత వరుసను ఎర్ర సిరాతో కొట్టేసి, ఆ అట్టను డబ్బాలోంచి తీసేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితాన్నే మడిచి అమ్మ సంచిలో పెడుతుంది.